లైబ్రరీ దొరకలేదు, కానీ ఎక్కడ వెతికినట్టు?

1949లో కేంబ్రిడ్జిలో ఎడ్‌సాక్ కంప్యూటర్ పని మొదలుపెట్టాక, పదే పదే అవసరమయ్యే సబ్‌రొటీన్లను చిల్లులు పొడిచిన కాగితపు టేపుల మీద ఎక్కించి బీరువాలో లైబ్రరీగా దాచేవారు. ప్రోగ్రామర్ కావలసిన టేపు తీసి తన టేపులోకి కాపీ చేసుకునేవాడు. అక్కడి విల్క్స్, వీలర్, గిల్ 1951లో ఆ పద్ధతిని పుస్తకంగా తెచ్చారు. అప్పట్లో టేపు లేకపోతే ఆ సంగతి మనిషికే ముందు తెలిసేది, వెతికేది అతనే కనుక. వెతుకులాట యంత్రం చేతికి పోయాక చిక్కు మొదలైంది. ఏ పేరు దొరకలేదో ఎర్రర్ చెబుతుంది. ఎక్కడ వెతికిందో, ఎందుకు దొరకలేదో చెప్పదు. తరాలు మారినా ఈ లోపం మారలేదన్నదే నా వాదన.

1958 నాటి ఫోర్‌ట్రాన్ 2తో సబ్‌రొటీన్లను విడిగా కంపైల్ చేసుకునే వీలు వచ్చింది. వాటిని కలిపే పని లోడర్‌ది, తర్వాత లింకర్‌ది. యూనిక్స్ లింకర్ ఆర్కైవ్ లైబ్రరీలను ఎడమ నుంచి కుడికి ఒక్కసారే చూస్తుంది, అప్పటికి అవసరమని తేలినవే తీసుకుంటుంది. కమాండ్‌లో లైబ్రరీ పేరు ముందు, మన ఆబ్జెక్ట్ ఫైల్ తర్వాత రాస్తే, లైబ్రరీ ఎదురుగా ఉన్నా ‘అన్‌డిఫైన్డ్ రిఫరెన్స్’ తప్పదు. ఆర్కైవ్ లోపలి ఫైళ్లకూ ఇదే చిక్కు, వాటి వరస సరిచేయడానికే టీసార్ట్ అనే కమాండ్ పుట్టింది!

డాట్‌నెట్ కాలానికి కారణం ఇంకా దూరం జరిగింది. సీ షార్ప్ కంపైలర్ ఇచ్చే సీఎస్0246 ఎర్రర్, యూజింగ్ లైన్ గానీ అసెంబ్లీ రిఫరెన్స్ గానీ మరిచారా అని అడుగుతుంది. విజువల్ స్టూడియో 2010లో కొత్త డెస్క్‌టాప్ ప్రాజెక్టులు మామూలుగా ‘క్లయింట్ ప్రొఫైల్’ అనే కుదించిన ఫ్రేమ్‌వర్క్ మీద మొదలయ్యేవి. అందులో లేని సిస్టమ్.వెబ్ మీద ఆధారపడిన లైబ్రరీని ప్రాజెక్టులో చేరిస్తే, రిఫరెన్స్ జాబితాలో పేరు కనిపిస్తూనే ఉండేది, ఎడిటర్ కూడా గుర్తుపట్టేది. బిల్డ్ కొడితే మాత్రం సీఎస్0246. అసలు కారణం ఎవరూ చదవని పసుపు వార్నింగ్‌లో ఉండేది. ప్రాజెక్ట్ ప్రాపర్టీస్‌లో టార్గెట్‌ను పూర్తి ఫ్రేమ్‌వర్క్ 4కి మారిస్తే చాలు. రిఫరెన్స్‌ను ఎన్నిసార్లు తీసి పెట్టినా లాభం లేదు.

మావెన్, నూగెట్, ఎన్‌పీఎం లాంటి ప్యాకేజీ మేనేజర్లు వచ్చాక ఇదంతా పాత కథేనని కొందరంటారు. రోజువారీ బాధ తగ్గిన మాట నిజమే. కానీ వెతికే చోటు మన డిస్క్ దాటి ఊరు పేరు తెలియని సర్వర్‌కు పోయింది. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేస్తే, దాన్ని నేరుగా ఎన్నడూ వాడనివారి బిల్డ్‌లు కూడా ఆగిపోయాయి.

అడిగితే టూల్స్ చెబుతాయి కదా అన్నది ఇంకా గట్టి అభ్యంతరం. నిజమే: ఎంఎస్‌బిల్డ్ డీటెయిల్డ్ లాగ్‌లో ఏయే ఫోల్డర్లు చూసిందో వరసగా ఉంటుంది, గ్నూ లింకర్‌ను వెర్బోస్‌లో నడిపితే తెరవబోయి విఫలమైన ప్రతి ఫైల్ పేరూ రాస్తుంది. కానీ ఆ లాగ్ ఉందని తెలియనివాడికే దాని అవసరం ఎక్కువ. చేతిలో ఉన్న సమాచారాన్ని ఎర్రర్ పక్కనే చూపకపోవడం టూల్ తయారీదారుల అలసత్వమే. వాళ్లు దిద్దుకునేదాకా, రిఫరెన్స్ మీద చెయ్యి వేసే ముందు ఆ లాగ్ తెరిచి, మొదటి వార్నింగ్ నుంచి చదవండి.