పరదేశపు కంపెనీ, మన నేతగాడి పూచీ



పోయిన వారం మన గ్రూపులో పద్మనగర్ కుర్రవాడొకడు అడిగాడు, బయట దేశంలో సొంత కంపెనీ పెట్టాలంటే ఏమేం కాగితాలు కావాలని. ఫారాల సంగతి ఆడిటర్‌ని అడగు బాబూ. నాకు తెలిసింది పాత కథ. నాలుగు వందల ఏళ్ళ కిందట ఇంగ్లీషువాళ్ళు సరిగ్గా ఇదే పని మీద మన తెలుగు తీరానికి వచ్చారు. మన గడ్డ వాళ్ళకు పరదేశం. కొనడానికి వచ్చిన సరుకు మనం నేసిన బట్ట.

నేను చదివింది తమిళ మీడియం. మద్రాసు పుట్టుక గురించి మా పాఠంలో ఫ్రాన్సిస్ డే పేరు, 1639 అనే అంకె, అంతే. ఆ నేల ఇచ్చినవాడు తెలుగు నాయకుడని, ఇచ్చిన కాగితంలో నేతగాళ్ళ మీద ఒక షరతు ఉందని రిటైరయ్యాక పుస్తకాలు తిరగేస్తేనే తెలిసింది. ఆ షరతు కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఈస్టిండియా కంపెనీకి పుట్టింట్లో రిజిస్ట్రేషన్ 1600 డిసెంబర్ 31న అయింది. ఎలిజబెత్ రాణి సన్నదు ఇచ్చింది. ఆ సన్నదు లండన్‌లో చెల్లుతుంది గాని మన రేవులో ఎవడు చూస్తాడు? 1611లో వాళ్ళ గ్లోబ్ అనే ఓడ పులికాట్‌కు వచ్చింది. అక్కడ డచ్చివాళ్ళు 1610లోనే వేంకటపతిరాయల దగ్గర మాట రాయించుకుని కూర్చున్నారు, ఇంకో యూరపు వాణ్ణి రానివ్వకూడదని. ఓడ వెనక్కి తిరిగి నిజాంపట్నం, మచిలీపట్నం చేరింది. అది గోల్కొండ రాజ్యం. రేవు సుంకాన్ని వేలంలో పాడుకున్న అధికారి పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలి కదా, కొత్తగా వచ్చినవాడి మీదే పడేవాడు. ఆ పేచీలు పడలేక 1628లో ఇంగ్లీషువాళ్ళు మచిలీపట్నం వదిలేసి నెల్లూరు వైపు దుర్గరాజపట్నానికి పోయారు. చివరికి 1632లో అబ్దుల్లా కుతుబ్ షా ఫర్మానా ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కట్టు, గోల్కొండ రేవుల్లో స్వేచ్ఛగా వ్యాపారం చేసుకో. దాన్నే బంగారు ఫర్మానా అంటారు. ఓడ వచ్చిన నాటి నుంచి లెక్కేస్తే ఈ కాగితానికి 21 ఏళ్ళు పట్టింది.

దుర్గరాజపట్నంలో బట్ట సరిగా దొరకలేదు. ఫ్రాన్సిస్ డే దక్షిణంగా వెతుక్కుంటూ మద్రాసపట్నం వచ్చాడు. ఇక్కడ బట్ట వేరే చోట్ల కంటే నూటికి 20 వంతులు చవక అని రాసుకున్నారు. చవక అంటే ఎవరి కూలి తక్కువో వేరే చెప్పాలా. 1639 ఆగస్టులో దామెర్ల వేంకటప్ప నాయకుడి దగ్గర పట్టా పుచ్చుకున్నారు. ఆయన తమ్ముడు అయ్యప్ప నాయకుడు పూనమల్లిలో ఉండేవాడు. వాళ్ళ తండ్రి చెన్నప్ప పేరు మీదే చెన్నపట్నం.

ఆ పట్టాలో కోట కట్టుకోవచ్చు, నాణెం ముద్రించుకోవచ్చు, కంపెనీ సరుకుకు సుంకం లేదు, ఇతరుల దగ్గర వచ్చే సుంకంలో సగం నాయకుడికి, ఓడ పగిలితే సామాను తిరిగి అప్పగించాలి అని ఉంది. ఇవన్నీ ఏ వ్యాపారి అయినా అడిగేవే. వీటి మధ్యలో ఇంకొకటి ఉంది. కంపెనీ అక్కడి వర్తకులతో, అద్దకం వాళ్ళతో, నేతగాళ్ళతో నాయకుడి మాట మీద బేరం కుదుర్చుకుంటే, వాళ్ళు మాట తప్పితే, బాకీ పడిన సొమ్ము నాయకుడు కట్టాలి. లేదా ఆ మనుషులు తన రాజ్యంలో ఎక్కడ దొరికినా పట్టి అప్పగించాలి.

గూడ్స్ ఆఫీసులో ఎన్నో ఏళ్ళు పనిచేసినవాణ్ణి. రసీదు లేకపోతే సరుకు ఇవ్వం, పోయిందంటే పూచీ బాండు రాయమంటాం. పూచీ రాసినవాడే సంతకం చేస్తాడు. ఇక్కడ ఇద్దరు కూర్చుని మూడోవాడి ఒంటిని పూచీ పెట్టారు. ఆ మూడోవాణ్ణి పిలిచి అడిగింది లేదు.

అయితే ఇందులోనే ఇంకో సంగతి దాగి ఉంది. నేతగాడు నిజంగా చేతిలో ఉండి ఉంటే ఈ షరతు ఎందుకు? ఆ రోజుల్లో కొనేవాళ్ళు చాలామంది. డచ్చివాళ్ళు, తరంగంబాడిలో డేన్లు, గోల్కొండ వర్తకులు. తీసుకున్న అడ్వాన్సు తిరిగి ఇచ్చేసి బట్ట ఇంకొకరికి అమ్మడం ఉండేది. ఊరి దొర పీడిస్తే మగ్గం విప్పుకుని పక్క దొర ఊరికి పోవడమూ ఉండేది. కంపెనీకి భయం వేసింది నేతగాడి కాళ్ళ మీద. తర్వాత వందేళ్ళకు పైగా గడిచి, 1760ల్లో ఉత్తర సర్కారులు కంపెనీ చేతికి వచ్చాక, కొనేవాడే దొర అయ్యాడు. ఇక పోవడానికి పక్క దొర ఏడి? కంపెనీ బంట్రోతులు నేతగాడి గుమ్మంలో కూర్చున్నారు.

వ్యాపారం నడిపింది మాత్రం మనవాళ్ళే. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న లాంటి తెలుగు వర్తకులు కంపెనీ దగ్గర ఆర్డరు, డబ్బు తీసుకుని ఊళ్ళల్లో నేతగాళ్ళకు అడ్వాన్సు పంచేవారు. వచ్చిన బట్టను నమూనాతో పోల్చి, తక్కువ రకమైతే ధర కోసేవారు, లేదా తిప్పికొట్టేవారు. 1680లో వీరన్న పోతే కోటలో ఫిరంగులు పేల్చి గౌరవించారు. ఆ తర్వాత వర్తకులను వాటాల మీద ఒక్క సంఘంగా కలిపారు.

ఇది చదివితే మన భివండి గుర్తు రావడం లేదా? సేటు నూలు ఇస్తాడు, మన సాంచాల మీద బట్ట దిగుతుంది, పిక్కు లెక్కన మజూరి, డ్యామేజి పేరుతో కోత. సేటుకు రిజిస్ట్రేషన్ ఉంది, చలాను ఉంది. సాంచా నడిపేవాడి చేతిలో ఒక చిట్టీ. దాని మీద ఎవరి సంతకం ఉందో ఈ రాత్రి ఒక్కసారి తీసి చూడండి.

బాబూ, నీ ప్రశ్నకు పనికొచ్చే ముక్క ఒకటుంది. కంపెనీవాళ్ళు కాగితం ఒకసారి పుచ్చుకుని ఊరుకోలేదు. రాజు మారినప్పుడల్లా కానుకలు పట్టుకుని వెళ్ళారు. 1645లో చంద్రగిరి శ్రీరంగరాయల దగ్గర కొత్త పట్టా. గోల్కొండ వాళ్ళు ఈ ప్రాంతం గెలుచుకున్నాక వాళ్ళ దగ్గర. 1672లో నెక్నాం ఖాన్‌తో సగం సుంకం బదులు ఏడాదికి 1200 వరహాలు శాశ్వతంగా అని రాయించుకున్నారు. 1687లో ఔరంగజేబు గోల్కొండ పట్టాడు, మళ్ళీ మొదటి నుంచి.

తమ కాగితం మీద అంత జాగ్రత్త పడ్డవాళ్ళు ఎదుటివాడి కాగితాన్ని ఎలా చూశారో కూడా విను. సుంకు రామ అని కంపెనీకి పెద్ద వర్తకుడు. పదవి పోయాక అతని తోట మీద హక్కు సరైనది కాదన్నారు. 1734లో గవర్నర్ మార్టన్ పిట్ ఆ తోట తీసుకుని నేతగాళ్ళ ఊరు కట్టించాడు. అందులో వడికేవాళ్ళు, నేసేవాళ్ళు, అద్దకం, చలవ పనివాళ్ళు, గుడికి కావలసిన మనుషులు, ఇలాంటివాళ్ళే ఉండాలని నియమం. ఇన్నాళ్ళూ ఊరూరా తిరిగి వెతికిన నేతగాడు కోటకు కూతవేటు దూరంలోకి వచ్చాడు.

ఆ తోటే చింతాద్రిపేట. మద్రాసు వెళితే బీచ్ స్టేషన్‌లో వేలచేరి బండి ఎక్కండి, పార్క్ టౌన్ తర్వాత స్టేషన్ అదే.