హెన్రీ పేజెట్, ఆంగిల్‌సీ మార్క్వెస్

హెన్రీ విలియం పేజెట్ (1768 మే 17 – 1854 ఏప్రిల్ 29) బ్రిటిష్ ప్రభువర్గానికి చెందిన సేనాని, రాజకీయవేత్త. వాటర్లూ రణరంగంలో కాలు పోగొట్టుకున్న వీరుడిగా అతనికి పేరొచ్చింది. ఐర్లండ్ కేథలిక్కుల పక్షాన నిలిచి పదవి పోగొట్టుకున్న పాలకుడిగా దక్కాల్సిన పేరు మాత్రం ఆ కథ చాటున ఉండిపోయింది.

అక్స్‌బ్రిడ్జ్ ఎర్ల్ పెద్దకొడుకైన పేజెట్ లండన్‌లో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, 1790లో కామన్స్ సభలో అడుగుపెట్టాడు. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలవగానే తండ్రి ఎస్టేటులోని కౌలుదార్లను చేర్చుకుని 80వ పటాలాన్ని నిలబెట్టాడు. 1808 డిసెంబరులో స్పెయిన్‌లోని సహాగున్ వద్ద, గడ్డకట్టే చలిలో, అతని హుస్సార్ గుర్రపు సైనికులు రెండు ఫ్రెంచి అశ్వికదళాలను చెదరగొట్టారు.

మరుసటి ఏడాదే అపకీర్తి చుట్టుకుంది. అప్పటికే ఎనిమిది మంది పిల్లల తండ్రి అయిన పేజెట్, బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ తమ్ముడి భార్య షార్లెట్‌తో వెళ్లిపోయాడు. ఆమె అన్నదమ్ముల్లో ఒకరు అతన్ని పిస్తోళ్ల ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఎవరికీ గాయం కాలేదు. 1810లో విడాకులయ్యాక పేజెట్ షార్లెట్‌ను పెళ్లాడాడు. ఈ తగువు తర్వాత స్పెయిన్‌లో వెల్లింగ్టన్ కింద పనిచేసే అవకాశం అతనికి దక్కలేదు.

1815 జూన్ 18న వాటర్లూలో మాత్రం వెల్లింగ్టన్ అశ్వికదళానికి పేజెట్టే నాయకుడు. రెండు బ్రిగేడ్లతో ఫ్రెంచి సేనాని దెర్లాన్ పదాతిదళం మీద విరుచుకుపడి ఫ్రెంచి దాడిని విరగ్గొట్టాడు. గెలిచిన ఊపులో ఆ గుర్రాలు హద్దు దాటి వెళ్లి, ఎదురుదాడిలో దారుణంగా దెబ్బతిన్నాయి. తాను ముందు వరుసలో దూసుకెళ్లడం వల్ల వెనక దళాలను నడిపేవాడు లేకుండా పోయాడని తర్వాత తానే ఒప్పుకున్నాడు.

యుద్ధం ముగియవస్తుండగా ఫిరంగి దెబ్బకు అతని కుడి మోకాలు ఛిద్రమైంది. మత్తుమందు లేని ఆ రోజుల్లో వాటర్లూ గ్రామంలోని ఓ ఇంట్లో కాలు తీసేశారు. ఇంటి యజమాని దాన్ని తోటలో పాతిపెట్టి సమాధి కట్టిస్తే, చూడటానికి జనం బారులు తీరారు. జేమ్స్ పాట్స్ అనే నిపుణుడు చేసిన కొయ్యకాలులో మోకాలికీ చీలమండకూ కీళ్లుండేవి. మోకాలు వంచితే లోపలి నరపుతీగలు పాదం ముందుభాగాన్ని పైకి లేపేవి. ఈ రకానికి ‘ఆంగిల్‌సీ కాలు’ అనే పేరు స్థిరపడింది. యుద్ధం ముగిసిన మూడు వారాల్లోపే రాజు తరఫున పాలిస్తున్న యువరాజు అతనికి ఆంగిల్‌సీ మార్క్వెస్ బిరుదు ఇచ్చాడు.

1828లో ఐర్లండ్‌కు లార్డ్ లెఫ్టినెంట్‌గా, అంటే రాజప్రతినిధిగా, వెళ్లాడు. ఆ జులైలో క్లేర్ ఉపఎన్నికలో కేథలిక్కుల నాయకుడు డేనియల్ ఓకానెల్ గెలిచినా, కేథలిక్కు మనస్సాక్షి ఒప్పని ప్రమాణం అడ్డుపడి పార్లమెంటులో కూర్చోలేకపోయాడు. ఈ వివక్ష తొలగించకపోతే దేశంలో శాంతి ఉండదని ఆంగిల్‌సీ నమ్మాడు. ఆ అభిప్రాయాన్ని కేథలిక్ ఆర్చిబిషప్ కర్టిస్‌కు రాసిన ఉత్తరం బయటకు రావడంతో, ప్రధాని వెల్లింగ్టన్ 1829 జనవరిలో అతన్ని వెనక్కి పిలిపించాడు. ఏప్రిల్‌లో అదే వెల్లింగ్టన్ ప్రభుత్వం కేథలిక్కులకు పార్లమెంటు తలుపులు తెరిచే చట్టం చేసింది.

1830లో అదే పదవిలో తిరిగొచ్చాక పరిస్థితి తారుమారైంది. ఐర్లండ్‌కు సొంత పార్లమెంటు కావాలన్న ఓకానెల్ ఉద్యమాన్ని అణచడానికి ఆంగిల్‌సీ పూనుకోగా, నిన్నటి మిత్రులు ప్రత్యర్థులయ్యారు. అయినా అన్ని మతాల పిల్లలూ కలిసి చదువుకునే జాతీయ పాఠశాలల వ్యవస్థ 1831లో అతని హయాంలోనే మొదలైంది. 1833లో పదవి వదిలాడు.

1846లో ఫీల్డ్ మార్షల్ అయ్యాడు. లండన్‌లో కన్నుమూశాక లిచ్‌ఫీల్డ్ కెథెడ్రల్‌లో ఖననం చేశారు. ఆరు నెలలకు, 1854 అక్టోబరు 25న, క్రిమియా యుద్ధంలో బాలక్లావా వద్ద జరిగిన లైట్ బ్రిగేడ్ దాడిలో 4వ లైట్ డ్రాగూన్లను నడిపింది అతని కొడుకు లార్డ్ జార్జ్ పేజెట్.