గుట్ట దిగితే మొదటి మెట్టు

"డిగ్రీ ఎక్కడ చేసినవ్?" అని అడిగితే కొందరు కాలేజీ పేరు గట్టిగా చెప్తారు. కొందరు మాత్రం గొంతు కాస్త తగ్గించి "ఓపెన్‌లో" అంటారు. ఆ గొంతు ఎందుకు తగ్గుతుంది? దీని వెనక మనం పెద్దగా పట్టించుకోని చరిత్ర ఒకటుంది. అందులో సగం నల్లగొండ జిల్లాలోనే జరిగింది. దాన్ని అమ్రాబాద్ నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది.

హైదరాబాద్ నుంచి శ్రీశైలం రోడ్డు పట్టుకుని పోతే హాజీపూర్ దాటాక నల్లమల మొదలవుతుంది. ఘాట్ ఎక్కితే మన్ననూర్, అక్కడ పక్కకు తిరిగితే అమ్రాబాద్. పైనంతా పీఠభూమి. అడవి, చెంచు పెంటలు, వానను నమ్ముకున్న చేలు. 1940లో హైమెండార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త ఇక్కడికి వచ్చి చెంచుల మధ్య ఉన్నాడు. 1943లో వాళ్ల మీద పుస్తకం అచ్చేశాడు. అప్పటికి హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పుట్టి ఇరవై ఏళ్లు దాటింది. 1918లోనే ఇంగ్లీషును పక్కనపెట్టి ఉర్దూలో పై చదువులు చెప్పిన సాహసం అది. కానీ గుట్ట మీది పిల్లవాడికి ఆ భాషా ఇంటిది కాదు, ఆ ఊరూ దగ్గరిది కాదు. పట్నంలో ఉండి చదవాలంటే గది కావాలి, తిండి కావాలి, అన్నిటికన్నా ముందు "నువ్వు చదవగలవు" అని చెప్పే మనిషి కావాలి.

సరిగ్గా ఈ చిక్కుకే అమెరికా వాళ్లు ఒక దారి వెతికారు. 1901లో చికాగోకు దగ్గర్లోని జోలియెట్‌లో జూనియర్ కాలేజీ ఒకటి మొదలైంది. ఆలోచన చాలా సాదాగా ఉంటుంది. డిగ్రీ మొదటి రెండేళ్లు సొంత ఊళ్లోనే, తక్కువ ఫీజుతో చదువుకో. నిలదొక్కుకున్నాక పెద్ద యూనివర్సిటీకి పోయి మిగతా రెండేళ్లు పూర్తి చెయ్యి. 1947లో ట్రూమన్ వేసిన కమిషన్ వీటిని దేశమంతా పెంచమంది. అప్పటి నుంచే "కమ్యూనిటీ కాలేజీ" అన్న పేరు బాగా జనంలోకి పోయింది. 1960లో కాలిఫోర్నియా వీటిని ఏకంగా తన ఉన్నత విద్యా ప్రణాళికలో మొదటి మెట్టుగా రాసుకుంది. తలుపు అందరికీ తెరిచి ఉంటుంది, బాగా చదివితే పైమెట్టుకు దారి ఉంటుంది.

మన దగ్గర ఈ ఆలోచన వేరే రూపంలో వచ్చింది. దానికంటే ముందు భాష పని జరగాల్సి వచ్చింది. డిగ్రీ పాఠాలు తెలుగులో చెప్పాలంటే తెలుగులో పుస్తకాలుండాలి కదా. అందుకే 1968లో తెలుగు అకాడమీ ఏర్పడింది. అప్పటి విద్యామంత్రి పి.వి. నరసింహారావు దానికి తొలి అధ్యక్షుడు. తర్వాత 1982 ఆగస్టు 26న నాగార్జునసాగర్‌లో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో అదే మొదటి ఓపెన్ యూనివర్సిటీ. తొలి వైస్ ఛాన్సలర్ ప్రొఫెసర్ జి. రాంరెడ్డి. బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ నమూనా కళ్లముందే ఉంది గానీ, మన అవసరం వేరు. ఇంటర్ పాస్ కాని వాళ్లను, బడి మధ్యలో మానేసిన వాళ్లను కూడా పద్దెనిమిదేళ్లు నిండితే అర్హత పరీక్ష రాయించి డిగ్రీలో చేర్చుకున్నారు. ఏ సర్టిఫికెట్టూ లేకపోయినా సరే. 1985లో ఢిల్లీలో ఇగ్నో పెట్టినప్పుడు దాన్ని నిలబెట్టడానికి పిలిచింది కూడా రాంరెడ్డినే. 1991లో మన విశ్వవిద్యాలయానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు.

ఎన్నో ఆనకట్టలకు మట్టి మోసిన పాలమూరు కూలీల సంగతి మనకు తెలుసు. అలాంటి ఒక ఆనకట్ట పక్కనే చదువు ఆగిపోయినవాళ్ల కోసం విశ్వవిద్యాలయం పుట్టడం నాకు చిన్న విషయంలా అనిపించదు.

అది పనిచేసిన తీరు కూడా చూడాలి. కొత్త భవనాలు కట్టుకుంటూ కూర్చోలేదు. జిల్లాల్లో అప్పటికే ఉన్న కాలేజీల్లో స్టడీ సెంటర్లు పెట్టారు. వారమంతా రెగ్యులర్ పిల్లలు కూర్చున్న బెంచీల మీద సెలవురోజు వీళ్లు కూర్చునేవాళ్లు. పాఠాలు తెలుగులో అచ్చై చేతికొచ్చేవి, కొన్ని రేడియోలో వినిపించేవి. పొలం పని, దుకాణం, పసిపిల్లలు, ఏదీ వదులుకోనక్కర్లేదు. ఇంటి నుంచి ఆడపిల్లను పట్నం పంపని కాలంలో ఇదెంత పెద్ద వెసులుబాటో వేరే చెప్పాలా? తప్పితే పోయేది ఒక పరీక్ష ఫీజే, అమ్ముకున్న ఎకరం కాదు. పేదింటి పిల్లలకు ఉన్నత విద్యలో అన్నిటికన్నా భయపెట్టేది ఓడిపోతే పడే ఖర్చే. ఆ ఖర్చు తగ్గితే ధైర్యం దానంతటదే వస్తుంది.

ఇంకో మెట్టు గుట్ట కింది ప్రభుత్వ డిగ్రీ కాలేజీ. అచ్చంపేట, నాగర్‌కర్నూల్ లాంటి చోట్ల ఉన్నవి. చాలా కాలం వీటన్నిటికీ ఉస్మానియానే తల్లి. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చాక పీజీ కూడా కాస్త దగ్గరికొచ్చింది. ఇంటి నుంచి బస్సులో పోయొచ్చే ఈ మూడేళ్లలో పిల్లలు నేర్చుకునేది సిలబస్ ఒక్కటే కాదు. లైబ్రరీలో ఎట్లా కూర్చోవాలి, లెక్చరర్‌ను డౌట్ ఎట్లా అడగాలి, ఫారం ఎట్లా నింపాలి, ఇవన్నీ. ఇంట్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కినవాళ్లకు ఇవి చెప్పేవాళ్లెవరూ ఉండరు.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఒంటరిగా చదవడం కష్టం. పక్కన తోటివాళ్లు లేకపోతే పుస్తకం మూతపడడానికి ఎంతోసేపు పట్టదు. ఇక తెలుగులో డిగ్రీ చేసి పీజీకి పట్నం వస్తే అక్కడ ఇంగ్లీషు గోడలా అడ్డం నిలబడుతుంది. అంతకన్నా పెద్ద లోటు ఇంకొకటి. జోలియెట్ నమూనాలో ప్రాణమంతా మధ్యలో మారే వీలులోనే ఉంది. ఇక్కడ చదివిన రెండేళ్లు అక్కడ లెక్కలోకి వస్తాయి. మన దగ్గర ఎక్కడ మొదలుపెడితే అక్కడే ముగించాలన్నది చాలాకాలం రివాజు. 2021లో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది గనక కాగితం మీద ఆ తలుపు తెరుచుకుంది. గుట్ట మీది పిల్లకు అది నిజంగా తెరుచుకోవాలంటే, చిన్న కాలేజీ క్రెడిట్లను పెద్ద కాలేజీ మొహం చిట్లించకుండా తీసుకోవాలి.

చివరికి మళ్లీ ఆ ప్రశ్న దగ్గరికే వస్తాను. దగ్గరి కాలేజీలోనో ఓపెన్‌లోనో మొదలుపెట్టడాన్ని మనం ఇంకెక్కడా సీటు రానివాళ్ల గతిగా చూస్తున్నాం. 1982లో సాగర్‌లో దాన్ని మొదలుపెట్టినవాళ్లు అట్లా చూడలేదు. ఎక్కడ మొదలుపెట్టావన్నది ఇల్లు, డబ్బు, దూరం తేల్చేస్తాయి. అందులో మనిషి తప్పేముంది? రేపు ఎవరైనా "ఓపెన్‌లో" అంటే, "తర్వాత ఏం చదవాలనుకుంటున్నావ్?" అని అడుగుదాం. అప్పుడు గొంతు తగ్గించాల్సిన పని వాళ్లకుండదు.