మంచం అడ్డుపెట్టైనా సరే: పర్దానషీన్ ఓటరు చరిత్ర

ఎన్నికల కమిషన్ ప్రిసైడింగ్ ఆఫీసర్ల కోసం ఒక చేతిపుస్తకం అచ్చు వేస్తుంది. ఎన్నికల డ్యూటీ పడిన టీచర్ల ఇళ్లలో, ముఖ్యంగా మన ఉర్దూ మీడియం మాస్టర్ల ఇళ్లలో, పాత బీరువా అడుగున ఇప్పటికీ ఒకటో రెండో దొరుకుతాయి. సీలు ఎక్కడ వెయ్యాలి, మాక్ పోల్ ఎన్నింటికి మొదలుపెట్టాలి, ఏ కవర్లో ఏ కాగితం పెట్టాలి, ఇలాంటివే అంతా. చదివితే నిద్ర వస్తుంది. అందులో ఒకచోట మాత్రం నేను ఆగిపోయాను. పర్దానషీన్ ఓటర్లు ఎక్కువగా ఉన్న బూతులో వాళ్ల షనాఖ్త్ కోసం, వేలికి సిరా పెట్టడం కోసం విడిగా ఒక చాటు ఏర్పాటు చేయాలట. అక్కడ మహిళా ఆఫీసరే ఉండాలట. వాళ్ల గోప్యత, గౌరవం, మర్యాద చూసుకోవాలట. ఆ చాటుకు డబ్బు తగలేయనక్కర లేదు, ఆ ఊళ్లో దొరికే వాటితోనే, మంచాలతోనో గుడ్డతోనో, కాస్త తెలివి వాడి పని కానివ్వండి అని సలహా.

మంచం! ప్రపంచంలోనే అతి పెద్ద ఎన్నికలు నడిపే దఫ్తర్ తన ములాజిములకు మంచం నిలబెట్టి అడ్డం పెట్టమని రాతపూర్వకంగా చెబుతోంది. నాకు నవ్వొచ్చింది, వెంటనే ముచ్చటేసింది కూడా. ఈ మాట రాసినవారెవరో, ఇంట్లో చార్‌పాయ్ నిలబెట్టి దాని మీద దుప్పటి ఆరేసి, వెనక ఆడవాళ్లు కూర్చోవడం చూసినవారే అయ్యుంటారు.

'పర్దానషీన్' అనే మాట ఇంగ్లీషు పుస్తకంలోనూ అలాగే ఉంటుంది. ఫార్సీలో నషీన్ అంటే కూర్చున్న మనిషి. పర్దా వెనక కూర్చున్నది పర్దానషీన్. బ్రిటిష్ వారి కోర్టులు ఈ మాటను కానూనులోకి తెచ్చుకున్నాయి. ఆమె సంతకం చేసిన దస్తావేజు చెల్లాలంటే, అందులో ఏముందో ఆమెకు అర్థమయ్యేలా చెప్పారని రుజువు కావాలన్నాయి. మన దక్కన్‌లో దీనికి 'గోషా' అన్నారు. గోషా అంటే మూల, ఏకాంతం. విశాఖపట్నంలో ఘోషాసుపత్రి తెలియనివారు ఉండరు, కానీ ఆ పేరు ఎక్కడిదో చాలామందికి తెలియదు. పర్దా పాటించే స్త్రీలు, ముస్లింలే కాదు, జమీందారీ ఇళ్ల హిందూ స్త్రీలు కూడా, రావడానికి కట్టిన ఆసుపత్రి అని దాని అర్థం. ఆసుపత్రి వాళ్ల కోసం తన పద్ధతి మార్చుకుంది. పోలింగ్ బూతు ఏం చేసింది?

ముందు 1951-52 నాటి మొదటి సార్వత్రిక ఎన్నికల దగ్గరికి వెళ్దాం. సుకుమార్ సేన్ అప్పటి ప్రధాన ఎన్నికల కమిషనర్. బెంగాల్‌కు చెందిన ఐసీఎస్ అధికారి, గణితం చదివినవాడు. పదిహేడు కోట్ల పైచిలుకు ఓటర్లు, వారిలో నూటికి ఎనభై మందికి పైగా చదువు రానివారు. అందుకని ప్రతి అభ్యర్థికీ గుర్తు అతికించిన ఒక ఉక్కు పెట్టె. ఓటరు చీటీ మీద గీత గీయక్కర లేదు, తనకు నచ్చిన గుర్తు ఉన్న పెట్టెలో వేస్తే చాలు. ఆ పెట్టెలు ఇరవై లక్షల దాకా కావాల్సి వచ్చాయి. వాటిని చేసినవాళ్లలో మన హైదరాబాద్ ఆల్విన్ కూడా ఒకటి. దొంగ ఓటు ఆపడానికి వేలికి చెరగని సిరా. ఆ సిరా మసాలా వెనక సలీముజ్జమాఁ సిద్దీఖీ సాహెబ్ చెయ్యి ఉందని చెబుతారు. సర్పగంధి వేరు నుంచి తీసిన పదార్థానికి హకీం అజ్మల్ ఖాన్ పేరు మీద 'అజ్మలీన్' అని పేరు పెట్టిన కెమిస్ట్ ఆయనే. ఇక్కడ ఎన్నికలు మొదలైన 1951లోనే ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయారు. తక్సీం ఇలాంటి వింతలు చాలా చేసింది.

సేన్ సాహెబ్‌కు అసలు తలనొప్పి పెట్టెలతో రాలేదు, పేర్లతో వచ్చింది. ఓటరు జాబితా రాయడానికి గుమాస్తాలు ఇంటింటికీ తిరిగారు. ఉత్తరాదిలో చాలా ఇళ్లలో ఆడవాళ్లు పేరు చెప్పలేదు. 'ఫలానా వాడి బీవీ', 'ఫలానా వాడి బేటీ', 'ఫలానా వాడి అమ్మ' అన్నారు. గుమాస్తాలు అలాగే రాసుకున్నారు. జాబితాలు దఫ్తర్‌కు చేరాక సేన్ చూసి ఒప్పుకోలేదు. పేరు లేని ఓటరు ఉండకూడదు, అసలు పేరు రాయండి, లేకపోతే తీసేయండి అని హుకుం. బీహార్‌లో పేర్లు చెప్పడానికి ఒక నెల గడువు పెంచారు, కొంత ఫలితం కనబడింది. అయినా చివరికి దాదాపు 28 లక్షల మంది ఆడవాళ్ల పేర్లు జాబితా నుంచి పోయాయి. బీహార్, ఉత్తరప్రదేశ్, రాజస్థాన్, మధ్యభారత్, వింధ్యప్రదేశ్ వైపే ఎక్కువ. అప్పటి స్త్రీ ఓటర్లు ఎనిమిది కోట్లు అనుకుంటే ఇది చిన్న సంఖ్య అనిపించొచ్చు. కానీ 28 లక్షలంటే ఒక పెద్ద నగరమంత జనం.

ఇందులో సేన్‌ది తప్పా? నేను చాలాసార్లు ఆలోచించాను. ఆయన వాదన సూటిగా ఉంది. రహీం బీవీ అని రాస్తే, రేపు బూతుకు వచ్చిన ఆవిడ ఆ రహీం బీవీయేనని ఎవరు చెప్పాలి? రహీమే చెప్పాలి. అప్పుడు ఆ ఓటు ఆవిడదా, రహీందా? ఈ ఒక్క ప్రశ్న దగ్గర నేను సేన్ పక్షమే. పద్ధతి కఠినమైనదే, పోయినవారికి నష్టమే, కానీ దానివల్ల ఓటు మగాడి జేబులోంచి బయటికొచ్చింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఆడవాళ్ల పేరు దాచడం మన దీన్ నేర్పింది కాదు. ఖదీజా, ఆయిషా, ఫాతిమా (రజియల్లాహు అన్‌హున్న), వీళ్ల పేర్లు ప్రతి ఇంట్లో, ప్రతి మింబర్ మీద వినబడతాయి. హదీసులు రివాయత్ చేసిన స్త్రీలు తమ పేర్లతోనే గ్రంథాల్లో ఉన్నారు. పేరు దాచడం ఈ నేల రివాజు. అది హిందూ ఇళ్లలోనూ ఉంది, మన ఇళ్లలోనూ ఉంది.

పేర్లు చెప్పినవారి కోసం సేన్ వెనక్కి తగ్గలేదు. స్త్రీలకు విడిగా బూతులు పెట్టారు, మహిళా సిబ్బందిని వెతికి తెచ్చారు. పోలీస్ యాక్షన్ జరిగి నాలుగేళ్లు కూడా కాని హైదరాబాద్ రాష్ట్రంలో అప్పుడు మన కుటుంబాల పరిస్థితి ఏంటో పెద్దవాళ్లు చెప్పగా వినే ఉంటారు. బయటికి రావాలంటేనే భయం. అలాంటి రోజుల్లో, అలాంటి ఊళ్లో, పాతబస్తీ శాలిబండ నుంచి అసెంబ్లీకి గెలిచింది ఒక ముస్లిం స్త్రీ, మాసూమా బేగం. కాంగ్రెస్ టికెట్ మీద. తయ్యిబా బేగం బిల్‌గ్రామీ గారి కూతురు. 1960లో ఆంధ్రప్రదేశ్ మంత్రి కూడా అయ్యారు. ఆమెకు ఓటేసిన గోషా ఆడవాళ్లలో ఎందరో జీవితంలో మొట్టమొదటిసారి సర్కారు దఫ్తర్ లాంటి చోట తమ పేరు తాము చెప్పుకొని ఉంటారు. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో మాసూమా బేగం పేరు ఎందుకు కనబడదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

1961లో ఎన్నికల నిర్వహణ నియమాలు వచ్చాయి. ఇప్పటికీ అవే నడుస్తున్నాయి, మార్పులతో. అందులో 34వ రూలు స్త్రీ ఓటర్ల సౌకర్యాల గురించే. మగవాళ్లను, ఆడవాళ్లను వేర్వేరు గుంపులుగా మార్చి మార్చి లోపలికి పంపొచ్చు. స్త్రీలకు సాయంగా, ప్రిసైడింగ్ ఆఫీసర్‌కు సాయంగా ఒక మహిళను నియమించొచ్చు, అవసరమైతే స్త్రీని సోదా చేసే పని కూడా ఆమెదే. రూలులో మంచాలూ దుప్పట్లూ ఉండవు, అది చేతిపుస్తకం పని. కానూను హక్కు చెబుతుంది, చేతిపుస్తకం ఉపాయం చెబుతుంది.

1990లలో టి.ఎన్. శేషన్ వచ్చాక ఫొటో గుర్తింపు కార్డు మొదలైంది, 1993లో. ఫొటో వచ్చిందంటే మొహం వచ్చింది. అప్పటిదాకా పేరు, ఇంటి నంబరు, వయసు, వేలి సిరా ఉంటే సరిపోయేది. ఇప్పుడు మొహం కలిపి చూడాలి. చాలామంది మరిచిపోయే సంగతి ఏంటంటే, 1994లో శేషన్ కాలంలోనే పర్దానషీన్ ఓటర్ల షనాఖ్త్ మహిళా అధికారులే, మర్యాద పోకుండా చేయాలని ఆదేశాలు కూడా వెళ్లాయి. కఠినుడని పేరున్న మనిషి ఆ లిహాజ్ మరవలేదు.

ఓటరు జాబితాలోనే ఫొటోలు అచ్చువేయడం మొదలయ్యాక తమిళనాడు నుంచి ఒకాయన కోర్టుకెళ్లారు. గోషా స్త్రీల ఫొటోలు జాబితాలో వేస్తే మగ ఏజెంట్లందరూ చూస్తారు, ఇది మజహబ్‌కు విరుద్ధం అని. 2006లో మద్రాస్ హైకోర్టు కొట్టేసింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2010 జనవరిలో అక్కడి ధర్మాసనం, మొహం కనబడకూడదన్న పట్టుదల అంతగా ఉంటే ఓటు వేయకుండా ఉండొచ్చు కదా అన్న ధోరణిలో వ్యాఖ్యానించింది. పత్రికల్లో అదే హెడ్‌లైన్ అయింది. నా మట్టుకు నాకు ఆ వ్యాఖ్య గుచ్చుకుంది. కానీ ఆ అర్జీ వేసిన తీరూ నచ్చలేదు. మొహం చూపించమా అని అడగాల్సిన అవసరమే లేదు. ఎవరికి, ఎక్కడ, ఎంతసేపు చూపించాలి అన్నదే మన సవాలు. దానికి జవాబు అప్పటికే చేతిపుస్తకంలో ఉంది.

మన ఫిఖాలోనూ ఉంది. ఖాజీ ముందు సాక్ష్యం చెప్పే స్త్రీ ఎవరో తేల్చుకోవడానికి ఆమె మొహం చూడటం జాయజ్ అని హనఫీ ఉలమా ఎప్పుడో రాశారు. షనాఖ్త్ లేకపోతే షహాదత్ నిలవదు. ఓటు కూడా ఒక షహాదతే అని ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారు రాశారు. ఇక ఎహ్రామ్‌లో ఉన్న స్త్రీ నిఖాబ్ కట్టుకోదు, హజ్ పాస్‌పోర్టుకు మొహం కనబడే ఫొటో ఇస్తాం. మహిళా అధికారి ముందు చాటులో ఒక్క నిమిషం నిఖాబ్ ఎత్తడం కోసం ఎవరూ ఓటు వదులుకోనక్కర లేదు.

అయితే ఎత్తమనే హక్కు ఎవరికి ఉంది? ఇక్కడే మనవాళ్లు మోసపోతారు. 2024 మే 13న హైదరాబాద్ లోక్‌సభ పోలింగ్ రోజు ఒక అభ్యర్థి స్వయంగా బూతులోకి వచ్చి, బుర్ఖా వేసుకున్న ఓటర్ల కార్డులు తీసుకుని, నిఖాబ్ ఎత్తమని అడిగిన వీడియో దేశమంతా చూసింది. పోలీసు కేసు కూడా అయింది. రూలు ప్రకారం అభ్యర్థి బూతులో ఉండొచ్చు, ఆయన తరఫు ఏజెంటూ ఉండొచ్చు. కానీ షనాఖ్త్ చేసే పని పోలింగ్ ఆఫీసర్‌ది. ఏజెంటుకు అనుమానం ఉంటే 36వ రూలు కింద 'ఛాలెంజ్' చేయాలి. దానికి రెండు రూపాయలు కట్టాలి. అవును, రెండు రూపాయలే, ఇన్నేళ్లయినా మారలేదు. ఆ తర్వాత అనుమానానికి ఆధారం చూపే భారం మొదట ఛాలెంజ్ చేసినవాడిది. ప్రిసైడింగ్ ఆఫీసర్ అక్కడికక్కడే విచారిస్తారు. తకరారు నిలవకపోతే ఆమె ఓటు వేస్తుంది. ఊరికే వేధించడానికి చేసిందని తేలితే రెండు రూపాయలూ సర్కారు ఖాతాలోకి పోతాయి. ఓటరు కార్డు చేతిలోకి తీసుకునే అధికారం గానీ, నిఖాబ్ ఎత్తమనే అధికారం గానీ ఏజెంటుకు ఏ పేజీలోనూ లేదు. ఇది మన ఆపాలకు, ఖాలాలకు చెప్పిపెట్టండి. అలాగే, మన పేరు మీద ఇంకెవరో ముందే ఓటు వేసేసి ఉంటే ఏడుస్తూ ఇంటికి రావద్దు. ప్రిసైడింగ్ ఆఫీసర్‌ను 'టెండర్ ఓటు' అడగాలి. మనమే అసలు ఓటరని వారికి తృప్తి కలిగితే ఆ చీటీ ఇవ్వాలి, విడిగా కవర్లో పెడతారు.

ఈ చాటు పద్ధతి ఎంత బాగా నడుస్తుందో నేను రిపోర్టింగులో తిరిగినప్పుడు చూశాను. ఒక బూతులో అంగన్‌వాడీ కార్యకర్త ఒకామె కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, తన వెనక ఒక పాత చీర కట్టింది. వచ్చిన ప్రతి ఆవిడకూ ముందు సలాం, తర్వాత కార్డు, తర్వాత ఒక్క చూపు. ఎవరూ ఆగలేదు, ఎవరూ గొణగలేదు. మరో చోట, అదే ఊళ్లో, మహిళా సిబ్బందే లేరు. లైన్లో ఉన్న ఇద్దరు ముసలమ్మలు కాసేపు చూసి చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆ రెండు ఓట్లు ఏ లెక్కలోనూ కనబడవు. పోలింగ్ శాతం తగ్గిందని మాత్రం సాయంత్రం టీవీలో చెప్పారు.

2025 అక్టోబర్‌లో బీహార్ అసెంబ్లీ ఎన్నికల షెడ్యూలు ప్రకటిస్తూ కమిషన్, బుర్ఖా ఓటర్ల షనాఖ్త్ కోసం అవసరమైన చోట అంగన్‌వాడీ కార్యకర్తలను బూతుల్లో ఉంచుతామని చెప్పింది. శేషన్ కాలం నాటి ఆ 1994 ఆదేశాన్నే మళ్లీ బయటికి తీసింది. టీవీల్లో దీన్ని బుర్ఖా మీద కొత్త హుకుంలా అరిచారు. మన వాట్సాప్ గ్రూపుల్లో కూడా అదే భయం తిరిగింది. ఇందులో కొత్తదేమీ లేదు. వచ్చే పోలింగ్‌కు ముందు మీ మొహల్లా బూతులో మహిళా అధికారి ఉంటారా, చాటు ఉంటుందా అని మీ బీఎల్‌ఓను అడగండి. జాబితాలో అమ్మీ పేరు, నానీ పేరు సరిగ్గా ఉన్నాయో కూడా అప్పుడే చూసుకోండి. తప్పుంటే ఫారం 8.