తడ తీర గగనతలం: దారి ఇవ్వడమనే నియమం

ప్రవేశిక

పులికాట్ సరస్సుకు పడమటి ఒడ్డున తడ ఉంది. సరస్సుకు ఆవల, సముద్రాన్ని ఆనుకొని శ్రీహరికోట ఉంది. 2022 వరకు నెల్లూరు జిల్లాలో భాగమైన ఈ ప్రాంతం నేడు తిరుపతి జిల్లాలో ఉంది. 1971 అక్టోబరు 9న రోహిణి-125 ప్రయోగంతో ఇక్కడి ఆకాశం విమానాలకూ రాకెట్లకూ ఉమ్మడి దారి అయింది. దక్షిణాన సుమారు 80 కి.మీ. దూరంలోనే చెన్నై ఉంది. ఈ రెండు రకాల రాకపోకలు ఢీకొనకుండా ఏ సూత్రం కాపాడుతున్నదో ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

సూత్రం, దాని పరిమితి

1919 నాటి పారిస్ ఒప్పందపు నియమాల ప్రకారం విమానం బెలూన్‌కు దారి ఇవ్వాలి. తనంతట తాను తప్పుకోలేని దానికి తప్పుకోగలిగినది తోవ వదలాలన్నదే దీని అంతరార్థం. చూపును ఆధారం చేసుకొని ఎగిరే చిన్న విమానాలకు ఈ నియమం నేటికీ ప్రాణాధారం. అయితే కంటిచూపుకూ పరిమితి ఉంది. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ వద్ద రెండు పెద్ద విమానాలు ఢీకొని 349 మంది మరణించారు. అటుపిమ్మట ప్రమాద హెచ్చరిక పరికరాలను భారతదేశంలో తప్పనిసరి చేశారు. కాని ఆ పరికరం ఎదుటి విమానంలోని ట్రాన్స్‌పాండర్ ఇచ్చే జవాబుపై ఆధారపడుతుంది. నిమిషం అటూఇటూగా విమానాల ఎత్తును దాటిపోయే రాకెట్‌ను తప్పించుకోవడానికి కన్నూ చాలదు, పరికరమూ చాలదు.

కాలంతో ఏర్పరచిన ఎడం

అందువల్ల శ్రీహరికోట ప్రయోగాలకు ముందుగానే ‘నోటమ్’ అనే ప్రకటన వెలువడుతుంది. ఏ అక్షాంశ రేఖాంశాల నడుమ, ఏ తేదీన, ఏ వేళల్లో ప్రవేశం నిషిద్ధమో అది తెలుపుతుంది. ప్రయోగవేదిక పరిసరాలతోపాటు, ఖాళీ అయిన దశలు పడే సుదూర సముద్ర ప్రాంతాలూ అందులో చేరుతాయి. నౌకలకూ మత్స్యకారులకూ వేరుగా హెచ్చరికలు అందుతాయి.

ఈ జాగ్రత్త లాంఛనం కాదని రెండు వైఫల్యాలు నిరూపించాయి. 2006 జులై 10న జీఎస్ఎల్‌వీ-ఎఫ్02, 2010 డిసెంబరు 25న జీఎస్ఎల్‌వీ-ఎఫ్06 దారి తప్పడంతో వాటిని ఆకాశంలోనే పేల్చివేయవలసి వచ్చింది. శకలాలు బంగాళాఖాతంలో పడ్డాయి. ముందే ఖాళీ చేయించిన ఆకాశమూ సముద్రమూ వాటి కింద ఉన్నాయి.

తారుమారైన స్థానాలు

విమానాలను ఆపించిన రాకెట్ కూడా ఒక్కొక్కప్పుడు ఆగవలసి వచ్చింది. 2023 జులై 14న చంద్రయాన్-3 ప్రయోగాన్ని 4 సెకన్లు, అదే నెల 30న పీఎస్ఎల్‌వీ-సీ56 ప్రయోగాన్ని 1 నిమిషం వాయిదా వేశారు. కక్ష్యలో తిరిగే వస్తువులతో ఢీకొనే అవకాశమే ఇందుకు కారణం. నిర్జీవ శకలం తప్పుకోలేదు. నేలమీద ఉన్న రాకెట్ వేచి ఉండగలదు. నియమం అదే, పాత్రలు మాత్రమే మారాయి.

ముగింపు

బెలూన్ల కాలంలో పుట్టిన సూత్రం రాకెట్ల కాలంలోనూ నిలిచింది. అయితే నాడు పైలట్ క్షణాల్లో తీసుకొనే నిర్ణయం నేడు రోజుల ముందు వెలువడే ప్రకటనగా మారింది. ప్రయోగాలు పెరిగేకొద్దీ విమానాలు చుట్టుదారి పట్టే వేళలూ, మత్స్యకారులు పడవలు కట్టేసుకొనే దినాలూ పెరుగుతాయి. దారి ఇచ్చేవారి నష్టాన్ని ఎవరు భరించాలన్నది ఆ సూత్రం ఇంకా తేల్చని ప్రశ్న.