సిగ్మా-ఈ: ఈ.కోలై కణకవచానికి కాపలా

ఈ.కోలై కణానికి రెండు పొరలుంటాయి. వాటి నడుమనున్న పెరిప్లాజంలో డీఎన్‌ఏ లేదు, ఏటీపీ కూడా ఉండదు. బయటి పొరలో కుదురుకోవలసిన పోరిన్ ప్రోటీన్లు అక్కడ సరిగా ముడుచుకోకపోతే ఆ కబురు లోపలి జన్యువులకు అందాలి. అందుకున్న ఆ కబురు మేరకు జన్యువులను కదిలించేది సిగ్మా-ఈ. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్‌ను నిర్దిష్ట జన్యువుల దగ్గరికి నడిపే కారకం. 1989లో ఇది తీవ్రమైన వేడిలో పనిచేసే కారకంగా వెలుగులోకి వచ్చింది కాబట్టి ఆపత్కాల ఏర్పాటన్న ముద్ర పడింది. ఆధారాలను బట్టి చూస్తే మాత్రం ఇది పొర నిర్మాణాన్ని నిత్యం అదుపులో ఉంచే యంత్రాంగం. ఆపద దాని పనిలో ఒక భాగమే.

సిగ్మా-ఈని పట్టి ఉంచేది లోపలి పొరలో నాటుకున్న ఆర్‌ఎస్‌ఈఏ ప్రోటీన్. ఓంప్‌సీ అనే పోరిన్ గొలుసు టైరోసిన్, గ్లుటమిన్, ఫినైల్‌అలనిన్‌లతో ముగుస్తుంది. పోరిన్ సవ్యంగా ముడుచుకుంటే ఆ కొస మరుగున పడుతుంది. లేకుంటే అది డెగ్‌ఎస్ అనే ప్రోటియేజ్‌కు (ప్రోటీన్లను కోసే ఎంజైమ్‌కు) తగిలి దాన్ని ఉసిగొల్పుతుంది. డెగ్‌ఎస్ ఆర్‌ఎస్‌ఈఏను పెరిప్లాజం వైపు కోస్తుంది, ఆర్‌ఎస్‌ఈపీ అనే మరో ప్రోటియేజ్ పొరలోనే రెండో కోత వేస్తుంది, మిగిలిన ముక్కను క్లిప్‌ఎక్స్‌పీ అనే ప్రోటియేజ్ నమిలేస్తే సిగ్మా-ఈ విడుదలవుతుంది. డెగ్‌ఎస్ కోతకు అడ్డుపడే ఆర్‌ఎస్‌ఈబీ ప్రోటీన్‌ను తప్పించేది దారితప్పిన లిపోపాలీసాకరైడ్ అని 2013లో తేలింది. అంటే పోరిన్లు, లిపోపాలీసాకరైడ్ అనే, బయటి పొరకు కావలసిన రెండు ముఖ్య సరుకుల లెక్కా ఇక్కడే కలుస్తుంది. ఏ ఒత్తిడీ లేనప్పుడు కూడా ఆర్‌ఎస్‌ఈఏ అర్ధాయువు సుమారు 8 నిమిషాలే. ఆపదలోనే పనికొచ్చే తాళమైతే కణం దాన్ని ఇలా తయారుచేస్తూ, చెరిపేస్తూ ఎందుకుంటుంది? విడుదలైన సిగ్మా-ఈ మరమ్మతు ప్రోటీన్లను పెంచడంతో ఆగదు. మైక్‌ఏ, రైబ్‌బీ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏలతో పోరిన్ల ఎంఆర్‌ఎన్‌ఏలను అణచివేయిస్తుంది. తొట్టి పొర్లుతుంటే నీళ్లు తోడిపోస్తూనే కుళాయి కూడా కట్టేయడమన్నమాట.

సిగ్మా-ఈ జన్యువు లేకపోతే మామూలు ఉష్ణోగ్రతలోనూ ఈ.కోలై బతకదన్నది ఈ వాదనకు పెద్ద అండ. దీనికి గట్టి ఆక్షేపణ ఉంది. హిక్‌బీ అనే విషవిరోధి జన్యువు దెబ్బతిన్న కణాలు సిగ్మా-ఈ లేకున్నా బతుకుతాయి. కాబట్టి చావుకు కారణం పొర కాదేమో. ఆక్షేపణలో పస ఉంది, అనివార్యత ఒక్కదాన్నే రుజువుగా చూపలేం. అయితే 2018లో బాటిమాస్టాట్ అనే మందు ఆర్‌ఎస్‌ఈపీని అడ్డగించి సిగ్మా-ఈని అణిచినప్పుడు, చనిపోతున్న కణాల్లో ముడుచుకోని పోరిన్లు పేరుకుపోవడం కనిపించింది.