చూరులో దోపిన పట్టా: వాడల అగ్నిప్రమాదాలు, మన చరిత్ర ఆధారాలు

చరిత్ర రాయాలంటే ఆధారం కావాలనీ, ఆధారమంటే కాగితమనీ యూనివర్సిటీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే నాకు చెప్పారు. మా ఇంట్లో నాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. కానీ మన దగ్గర కాగితం ఎందుకు లేదో నాకు చిన్నప్పుడే తెలుసు. అది కాలిపోయింది.

నేను మూడో తరగతిలో ఉండగా, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మా వాడ తగలబడింది. ఎవరూ పెట్టిన అగ్గి కాదు. ఎవరి పొయ్యిలోనో ఆరకుండా మిగిలిన నిప్పు, దానికి తోడు వడగాలి. ఒకదానికొకటి చూరులు ఆనుకుని ఉండే తాటాకు ఇళ్లు. నాయనమ్మ మేకను విప్పింది, అమ్మ చెల్లెల్ని ఎత్తుకుంది, నాయన మాత్రం మండుతున్న చూరులోకి చెయ్యి పెట్టాడు. అక్కడ ప్లాస్టిక్ కవరులో చుట్టి దోపిన డి-ఫారం పట్టా ఉంది. చెయ్యి కాలింది గానీ పట్టా దక్కలేదు.

పట్టా చూరులో ఎందుకుంది? కింద పెడితే చెద, గోడవారన పెడితే చెమ్మ, మూలన పెడితే ఎలుకలు. అందుకే మన పెద్దవాళ్లు కొడవలి నుంచి కాగితం దాకా అన్నీ చూరులోనే దోపారు. అన్నిటినుంచీ కాపాడే ఆ చోటే అగ్గికి మొదట అందేది. ఇది మనవాళ్ల తెలివితక్కువ కాదు. సొంత జాగా లేనివాడికి తాటాకే గతి. చేతిలో నాలుగు డబ్బులు ఆడినా, మాలమాదిగలు పెంకుటిల్లు కడితే ఓర్వని ఊళ్లుండేవని మా వాడ ముసలోళ్లు ఇప్పటికీ చెబుతారు. అంటే మన కప్పుని కులం కూడా నిర్ణయించింది.

అదే ఊళ్లో కామందు ఇంట్లో ఇనప్పెట్టె ఉంటుంది. అందులో మన వేలిముద్రలు పడిన బాకీ నోట్లుంటాయి. 1976లో వెట్టిచాకిరీ రద్దు చట్టం ఆ కట్టుబానిస అప్పులు చెల్లవని చెప్పింది. చట్టం చెల్లదన్న కాగితం ఇనప్పెట్టెలో భద్రంగా ఉంది, చట్టం మనకిచ్చిన కాగితం చూరులో కాలిపోయింది. మా వాడ మళ్లీ లేవటానికి తాటాకు, వెదుళ్లు, నాలుగు బస్తాల వడ్లు ఆ కామందు దగ్గరే తెచ్చుకోవాల్సొచ్చింది. ఇల్లు నిలబెట్టినందుకు మా పెదనాయన రెండేళ్లు పాలేరుగా చేశాడు. అగ్గి మన హక్కు రుజువుని కాల్చి, మన అప్పు రుజువుని పెంచింది. చరిత్రకారులు ‘ఆధారాలు దొరకలేదు’ అని రాసేటప్పుడు ఏ కప్పు కింద ఏ కాగితం ఉందో కూడా అడగాలి.

ఆ తర్వాత నాయన ఆఫీసుల చుట్టూ తిరిగాడు. ప్రభుత్వమిచ్చిన భూమిని ఇంకొకరు కొనకూడదని 1977 అసైన్డ్ భూముల చట్టం చెప్పింది. కానీ భూమి మనదని చెప్పాలంటే నంబరు కావాలి. 1985లో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి, పాత రికార్డు ఎక్కడుందో చదువురాని మనిషి ఎవర్నడుగుతాడు? గుమాస్తా మాత్రం ఒకటే మాట, “నంబరు చెప్పు, వెతుకుతా” అని. నంబరు చూరులో ఉండింది.

వాడలో కాలని కట్టడం ఒక్కటే, పెంకుల చర్చి. అందులో బాప్తీస్మం రిజిస్టరు ఉంది. మా తాతల పేర్లు రాసిపెట్టి ఉన్న కాగితం అదొక్కటే. కానీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడు షెడ్యూల్డు కులం కాదు. కులం రుజువు చేసుకునే భారం అడిగినవాడిదేనని 1993 నాటి రాష్ట్ర చట్టం అంటుంది. మిగిలిన ఒక్క కాగితమూ బయటికి తీస్తే మనకే ఎదురు తిరిగేదే.

ఇది ప్రమాదం సంగతి. కావాలని పెట్టిన మంటల లెక్క వేరు. 1968 డిసెంబరు 25 రాత్రి తమిళనాడులోని కీళవెణ్మణిలో కూలి పెంచమన్నందుకు 44 మందిని ఒక గుడిసెలో కాల్చి చంపారు. స్లాబు ఇల్లు కడితే ఇక భయం లేదనుకున్నాం. 2012 నవంబరు 7న ధర్మపురి జిల్లాలో మూడు దళిత కాలనీల మీద పడ్డప్పుడు పక్కా ఇళ్లు కూడా కాలాయి. వలసపోయి కష్టపడి కూడబెట్టుకున్న సామాన్లు, కాగితాలు బూడిదయ్యాయి. దళితుల నివాసాన్ని నిప్పుతో నాశనం చేస్తే యావజ్జీవ శిక్ష అని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెబుతోంది. కాలిన ఇంటికి బదులు ప్రభుత్వ ఖర్చుతో ఇటుక ఇల్లు కట్టివ్వాలని 1995 నియమాలు చెబుతున్నాయి. ఇల్లు ఇస్తారు సరే, ఇల్లు నాదని చెప్పే కాగితం సంగతేంటి?

మా వాడ పంచనామాలో బియ్యం, గిన్నెలు, మేకలు రాసుకున్నారు. కాగితాలు ఎవరూ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. అందుకే కార్యకర్తలు, టీచర్లు మొదటిరోజే చెయ్యాల్సిన పనులు కొన్నున్నాయి. పంచనామాలో పట్టా, కుల ధృవపత్రం, టెన్త్ మార్కుల జాబితా, రేషన్ కార్డు విడివిడిగా రాయించాలి. ఫిర్యాదిస్తే ఎఫ్ఐఆర్ నకలు ఉచితంగా తీసుకునే హక్కు మనకుంది, ఒదులుకోవద్దు. సగం కాలిన ముక్కల్ని పారెయ్యొద్దు, వాటిమీద ఒక హాల్‌టికెట్ నంబరో సర్వే నంబరో మిగిలుండొచ్చు. బడి అడ్మిషన్ రిజిస్టరు, అడంగల్ నకళ్లు తెచ్చుకోవాలి. అగ్గి రాకముందే ప్రతి కాగితం నంబరూ ఒక నోటుబుక్కులో రాసి, జిరాక్సులు వేరే ఊళ్లో ఉండే చుట్టాల ఇంట్లో పెట్టాలి. 2015 నుంచి డిజిలాకర్ ఉంది, వాడలో చదువుకునే పిల్లలు పెద్దవాళ్ల కాగితాలు కూడా అందులో ఎక్కించాలి.

ఇవి ఇంటి జాగ్రత్తలే కాదు. వాడ వాడకీ ఇలాంటి నోటుబుక్కు ఉంటే మన చరిత్రకి మొదటి దస్తావేజుల గది అదే అవుతుంది. కాలిపోయినవాటికి మాత్రం మనుషులే సాక్ష్యం. నాయన కుడిచేతి మీద ఆ మచ్చ ఇంకా ఉంది. ఏ ఆఫీసూ దాన్ని ఆధారంగా ఒప్పుకోదు. చరిత్ర రాసే మనమైనా ఒప్పుకోవాలి.